నిప్పు ఉన్నవాళ్లకే గాలి

“ఊదండమ్మా, ఊదండి ఊదండి ఊదండి... ఆపొద్దు, ఇంకా, ఇంకా!”

ముక్కుకు క్లిప్పు, నోట్లో అట్టగొట్టం. కళ్లు బైర్లు కమ్ముతున్నా కుట్టుఅక్క ఊదుతూనే ఉంది. ఒక్క ఊపులో బయటపడాల్సిన గాలి, మెలిపడ్డ గొట్టంలోంచి నీళ్లు వచ్చినట్టు సన్నగా, ఈల వేస్తూ వస్తోంది. ఐదో సెకనుకు దగ్గు తన్నుకొచ్చింది. గొట్టం వదిలేసి మోకాళ్ల మీదికి వంగిపోయింది. తలగుడ్డలోంచి తెల్లపొడి గచ్చు మీద రాలింది.

పొద్దున ఏడింటి నుంచి మూడొందల సంచుల మూతులు కుట్టి, చేతులైనా కడుక్కోకుండా వచ్చింది మరి. తెల్లరాయిని పిండిలా విసిరి సంచులకెత్తే మిల్లు అది. ఆ పొడి రంగుల్లోకి పోతుంది, కాగితంలోకి పోతుంది, పళ్లపొడిలోకి పోతుంది. మిగిలింది అక్కడ పనిచేసేవాళ్ల లోపలికి పోతుంది. పదమూడేళ్లుగా సంచుల వరసలో కుట్టుమిషను దగ్గర నిలబడుతోంది గనక ఆమెను అందరూ కుట్టుఅక్క అంటారు.

యంత్రం ముందు కూర్చున్న అమ్మాయి బొమ్మతెర వంక చూసింది. నిటారుగా లేవాల్సిన గీత ముసలి ఎద్దులా ఈడ్చుకుంటూ పోతోంది.

“ఎంతొచ్చింది తల్లీ?” అని అడిగింది కుట్టుఅక్క, ఊపిరి చిక్కించుకుని.

“మీ వయసుకీ, మీ ఎత్తుకీ ఉండాల్సినదాంట్లో నూటికి నలభై ఆరు.”

“బళ్లో లెక్కల్లో కూడా నాకంతే వచ్చేవి. పాసే కదా?”

ఆ అమ్మాయి నవ్వలేదు. మందు పీల్చే చిన్న డబ్బా ఇచ్చి, నాలుగుసార్లు పీల్పించింది. “పదిహేను నిమిషాలాగి మళ్లీ ఊదుదురుగాని. ఈ మందుకి గొట్టాలు తెరుచుకుంటే అంకె పెరుగుతుంది. పెరగలేదంటే...” అని ఆగిపోయి, అట్టగొట్టం తీసి చెత్తబుట్టలో పడేసింది.

కుట్టుఅక్క గుడ్డతెర ఇవతలికి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఖాళీ సంచుల కొట్టును రెండు రోజులకి ఆస్పత్రి చేశారు. తెరకు అటు యంత్రం, ఇటు బల్ల, మూల కుర్చీలో మిల్లువాళ్లు పిలిపించిన డాక్టరు. పరీక్ష ఉచితం. ఉచితం అన్నప్పుడే అనుమానించాల్సింది. ఆ మిల్లులో తాగే నీళ్లకి కూడా గ్లాసు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

పోయిన నెలలో మోతపని చేసే పెద్దాయన ఒకడు సంచి భుజాన ఉండగానే కూలబడి, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి తెరిచి, మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. ఆ తర్వాత కార్మికుల ఆఫీసు నుంచి ఎవరో ఒకాయన వచ్చి, గాలిలో దుమ్మెంతో చూడాలని ఏదో పెట్టె తగిలించిపోయాడు. వారం తిరక్కుండా ఈ ఊపిరి పరీక్ష వచ్చిపడింది. అందరికీ కాదు. పొగతాగేవాళ్ల పుస్తకంలో పేరున్నవాళ్లకి మాత్రమే.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మిల్లులో సంచులన్నీ కాగితంవి. పదకొండేళ్ల కిందట ఎవడో సంచుల చాటున సిగరెట్టు కాల్చి పారేస్తే గోదాములో ఒక మూల తగలబడింది. అప్పటినుంచి పొగతాగేవాళ్ల పేర్లు ఒక పుస్తకంలోకి ఎక్కించి, పదకొండింటికోసారీ మూడింటికోసారీ పదేసి నిమిషాలు పెరట్లోకి వదులుతున్నారు. మనుషులకు ఊపిరాడాలని కాదు, సంచులు కాలకూడదని. అలవాటు లేనివాళ్లకి పెరడు లేదు. ఉదయం తలుపు దాటి లోపలికొస్తే సాయంత్రమే మళ్లీ ఆకాశం. ఈ లెక్కన మంచి నడవడికకు ఆ మిల్లులో ఇచ్చిన బహుమానం రోజుకు ఇరవై నిమిషాల దుమ్ము.

జనం పిచ్చివాళ్లా? నెల తిరిగేసరికి సగంమంది పొగరాయుళ్లయ్యారు. ఏడాది తిరిగేసరికి మిల్లులో పొగతాగనివాళ్లు లేరు. నలభై ఆరుగురు, అందులో పదకొండుగురు ఆడవాళ్లు. “చేతిలో నిప్పు లేనివాళ్లకి బయట పనిలేదు” అనేవాడు గంట మేస్త్రీ. పని గంటలు కొట్టేదీ, పెరటి తలుపు తీసేదీ అతనే. కనక అందరి చేతుల్లోనూ నిప్పుండేది. సిగరెట్టు వెలిగించి గాలివాలుకి దూరంగా పట్టుకోవడం, మేస్త్రీ చూసినప్పుడు నోటిదాకా తీసుకెళ్లి బుగ్గలు లోపలికి లాగినట్టు నటించడం, గంట కొట్టగానే కొన నలిపి రేకుడబ్బాలో దాచుకోవడం. ఒక్కో సిగరెట్టు పది రూపాయలు. నాలుగొందల రోజుకూలిలో అది తక్కువేమీ కాదు, అందుకే ఒకదాన్ని మూడు రోజులు లాగించేవాళ్లు. నిజంగా పొగ మింగేవాళ్లు ఏ పదిమందో. మిగతావాళ్లు కొనుక్కున్నది గాలి.

ఆ విద్య ఆడవాళ్లకు నేర్పింది కుట్టుఅక్కే. ఇంటికెళ్తే బట్టల్లో వాసన చూసి అత్తగారు మొదట్లో ముక్కు మూసుకునేది. మొగుడైతే పడీ పడీ నవ్వాడు. అతను బండి తోలుతాడు, రోజుకో పెట్టె ఊదేస్తాడు. “ఇంట్లో తాగేది నేను, పుస్తకంలో పేరు నీకూనా?” అనేవాడు. ఈమధ్య ఆమె బిందె ఎత్తి ఆయాసపడుతుంటే నవ్వడం మానేశాడు. అతను కూడా పొద్దున్నే కళ్లె ఊడేలా దగ్గుతాడు. కాని మేడమెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగేది ఆమే.

తలుపు పక్కనుంచి చిన్నది తొంగిచూసింది. కుట్టుఅక్క తోడికోడలు. ఇరవై ఆరేళ్లది, నోటికి గడియ లేదు. పెళ్లయిన ఏడాదికే అక్కే ఆమెను చెయ్యిపట్టుకుని మిల్లులోకి తీసుకొచ్చింది. సంచులకు చీటీలంటించే పని.

“ఏమన్నారక్కా?”

“నలభై ఆరట. ఇంకోసారి ఊదాలట.”

“అయ్యో! మరి ఏం చేస్తారట?”

జవాబు మేస్త్రీ చెప్పాడు. ఎప్పుడు వచ్చాడో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. “ఏం చేస్తారమ్మా, మంచే చేస్తారు. సంతకం పెట్టినవాళ్లకి తేలికపని. ఆఫీసు ముందు ఊడ్చుకోవచ్చు. కూలి మూడొందలు. మందుడబ్బా నెలకొకటి మిల్లువాళ్లే ఇస్తారు.”

“సంతకం దేనికి మేస్త్రీ గారూ?”

“ఏముందీ, జబ్బు పొగవల్ల వచ్చిందని తెలుసుకున్నాను అని. అంతే.”

కుట్టుఅక్క అతని ముఖంలోకి చూసింది. “నేను ఒక్క దమ్మయినా లాగలేదని మీకు తెలీదా?”

మేస్త్రీ ఒకసారి డాక్టరు వంక చూసి, వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. “నాకు తెలుసు. మీరంతా బుగ్గలు లాగి నాటకమాడేది పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నాను. చూడనట్టు ఊరుకున్నది నేనే కదా? ఇప్పుడు నువ్వు తాగనని నోరు విప్పావనుకో, పుస్తకం అబద్ధమవుతుంది. పుస్తకం అబద్ధమైతే పెరటి తలుపుకి తాళం పడుతుంది. నలభై ఆరుగురి ఉసురు నీకు తగులుతుంది. కొరివితో తల గోక్కోకు.”

అతను వెళ్లిపోయాడు. దొంగకి తేలు కుట్టినట్టయింది ఆమె పని. కుట్టింది అని అరవాలంటే ముందు దొంగనని ఒప్పుకోవాలి.

చిన్నది బల్లమీద పక్కనే కూర్చుంది. కాసేపు గోళ్లలోని పొడి గీరుకుంది. తర్వాత మెల్లిగా అంది. “పెట్టెయ్యక్కా. నీకెలాగూ జబ్బు వచ్చేసింది. ఎందువల్ల వచ్చిందని రాస్తే ఏంటి, తగ్గుతుందా?”

“తగ్గదు.”

“మరి? నాకా పది నిమిషాలు లేకపోతే పిచ్చెక్కుద్దక్కా. నీకు తెలుసుగా. లోపల చీటీలంటించేచోట గాలే ఉండదు. నువ్వు ఊడ్చుకుంటూ బయటుంటావు. మేమేం కావాలి?”

కుట్టుఅక్కకు ఒళ్లు మండింది. అంతలోనే సిగ్గేసింది. ఈ పిల్లను ఇక్కడికి తెచ్చిందెవరు? వెలిగించి గాలివాలుకి ఎలా పట్టుకోవాలో చెయ్యి పట్టి చూపించిందెవరు? “సరేలేవే, పెడతాను. ఏడవకు” అంది. నిజంగానే పెట్టేద్దామనుకుంది.

చిన్నది చీటీల దగ్గరికి వెళ్లిపోయింది. పదిహేను నిమిషాలయ్యాయి. మళ్లీ క్లిప్పు, కొత్త అట్టగొట్టం. మళ్లీ “ఊదండి ఊదండి.” మూడుసార్లు ఊదింది. మూడోసారికి యంత్రం అమ్మాయి ఊదమనడం మానేసి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

“నలభై ఏడు” అంది.

“ఒకటి పెరిగింది!”

“అది పెరగడం కాదమ్మా. మందుకి తెరుచుకోవడం లేదు. ఇది వచ్చిపోయే ఆయాసం కాదు, గొట్టాలు పాడైపోయాయి.”

“పొగవల్లనేనా?”

ఆ అమ్మాయి తెర సందులోంచి డాక్టరు ఉన్నవైపు చూసింది. గొంతు తగ్గించింది. “ఎంత ఊదారో యంత్రం చెబుతుందమ్మా. ఎందుకు ఊదలేకపోయారో చెప్పదు. అది మనిషిని అడిగి రాసుకోవాలి. ఏం పనిచేశారు, ఎంత పొగ తాగారు అని.”

“మరి నన్నెవరూ అడగలేదే?”

అమ్మాయి తల దించుకుని అంకె రాసుకుంది.

డాక్టరు వయసులో పెద్దవాడు, అలసిపోయినవాడు. పొద్దున్నుంచి ఇరవైమందిని చూశాడు. తలెత్తకుండానే చెప్పుకుపోయాడు. “చూడమ్మా, దీర్ఘకాలం పొగతాగినవాళ్లకి వచ్చే జబ్బిది. ఇకనైనా మానెయ్యి. మానేస్తే ఇంకా దిగజారకుండా ఆగుతుంది. ఇక్కడ సంతకం.”

“మానడానికి మొదలుపెడితే కదా డాక్టరు గారూ.”

“అందరూ అలాగే అంటారు” అన్నాడాయన, కోపమేమీ లేకుండా. కాగితాల కట్టలోంచి ఆమెది వెతుకుతున్నాడు. కట్ట ఇటు తిరిగి ఉంది. కుట్టుఅక్క ఏడో తరగతి దాకా చదివింది. ఆయన ఒక్కో కాగితం తిప్పుతుంటే పేర్లు కనిపిస్తున్నాయి. మోతవాళ్లవి. విసురు మర దగ్గరి అన్నదమ్ములవి. అన్నిట్లోనూ కిందిభాగం ఒకటే అచ్చు: నాకు వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు నా పొగతాగే అలవాటువల్ల వచ్చినదని డాక్టరు వివరించగా తెలుసుకున్నాను.

అందులో చిన్నది పేరు కనబడింది. దాని పక్కన, పొగతాగడం ఆరేళ్లుగా, రోజుకు రెండు అని ఉంది.

“ఆగండి డాక్టరు గారూ. మా తోడికోడలి కాగితం అది.”

“అయితే?”

“అది ఇంకా ఊదనే లేదు.”

డాక్టరు మొదటిసారి తలెత్తాడు.

“ఊదనిదానికి జబ్బు ఎలా వచ్చింది?” ఆమె కాగితాల కట్ట మీద చెయ్యి వేసింది. “ముందే అచ్చేసుకొచ్చారా? ఈ నలభై ఆరు కాగితాలూ? మరి మా చేత ఊదించడం ఎందుకు? వేడుకకా?”

“నాకు ఇచ్చిన కాగితాలు ఇవి” అన్నాడు డాక్టరు. ఆ మాట ఆయనకే నచ్చలేదేమో, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అంకె బాగున్నవాళ్లవి చించేస్తాం.”

“బాగున్నవాళ్లు ఎంతమంది వచ్చారు పొద్దున్నుంచి?”

ఆమె తెర సందులోంచి అటు చూసింది. చెత్తబుట్టలో అట్టగొట్టాలు తప్ప కాగితాలేమీ లేవు.

మోతపెద్దాయన పోయినప్పుడు ఆయన కోడలికి ఏమీ ఇవ్వలేదు. ముసలాడికి సిగరెట్ల పిచ్చి అన్నారు. పుస్తకంలో పేరు చూపించారు. ఆ పుస్తకంలో పేరు లేనివాడు మిల్లులో లేడని ఎవరూ చెప్పలేదు, అక్కడున్నవాళ్లెవరూ చెప్పలేదు. కుట్టుఅక్క కూడా ఆ రోజు సంచులు కుడుతూనే ఉంది. గాలి కోసం పుస్తకంలోకి ఎక్కించుకున్న పేర్లు, ఒక్కొక్కటీ, గొంతుకు తాడు పేనుతున్నాయని ఎవరికి తట్టింది?

డాక్టరు కలం చాపాడు. ఆమె తీసుకోలేదు.

“నేను పెట్టను. నేను పొగతాగను, ఏనాడూ తాగలేదు. నేను తాగింది ఈ మిల్లు పొడి. కావాలంటే అది రాసుకోండి, పెడతాను.”

తెర అవతల యంత్రం అమ్మాయి చేస్తున్న పని ఆపేసింది. తలుపు దగ్గరికి మళ్లీ వచ్చి వింటున్న మేస్త్రీ గబుక్కున వెనక్కి తిరిగి, అద్దాల గదివైపు నడిచాడు. అద్దాల గదిలో మిల్లు యజమాని కూర్చుంటాడు.

పదకొండు గంట మోగింది. జనం అలవాటు కొద్దీ పెరటి తలుపు దగ్గర పోగయ్యారు. చేతుల్లో రేకుడబ్బాలు. తలుపు తెరుచుకోలేదు. ఒక నిమిషం, రెండు, మూడు. వార్త అప్పటికే సంచుల వరసలన్నీ చుట్టివచ్చింది. కుట్టుఅక్క వచ్చేసరికి అందరూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. అది మర్యాద కాదు. ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

చిన్నది మాత్రం ఎదురొచ్చింది. కళ్లనిండా నీళ్లు. “పెడతానన్నావుగా! మాటిచ్చి... నీ నిజం నీ దగ్గరే ఉంచుకోకూడదూ? చూడు, మూసేశారు.”

“నీ కాగితం కూడా అక్కడుందే. జబ్బుందని రాసి.”

“నాకు జబ్బేంటి? నేను ఊదలేదుగా!”

“అదే చెబుతున్నా.”

చిన్నది సంచుల కొట్టువైపు తిరిగి చూసింది.

అప్పుడు మేస్త్రీ వచ్చాడు. చేతిలో తాళంచెవి, కొత్త సిగరెట్ల పెట్టెలు రెండు. ఆ పెట్టెలు చూసి జనంలో ఒకడు “అబ్బో, విందే!” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ తలుపు ఒక రెక్క తీసి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. పెరటిగాలి అతని పక్కనుంచి లోపలికి వచ్చింది. ముందువరసలోవాళ్లు తెలీకుండానే ముఖాలు అటు చాచారు.

“పుస్తకంలో దొంగపేర్లు చేరాయని మాట వచ్చింది” అన్నాడు మేస్త్రీ. పైకి బింకంగా పెట్టె చించాడు. “అయ్యగారు చెప్పారు. నిజంగా తాగేవాళ్లకే తలుపు. ఒక్కొక్కరూ రండి. నా ముందు వెలిగించి మూడు దమ్ములు లాగాలి. బుగ్గల్లోకి కాదు, లోపలికి. ముక్కులోంచి పొగ రావాలి. వచ్చినవాళ్లు బయటికి, రానివాళ్లు పనిలోకి. ఊరికే ఇస్తున్నారు, డబ్బులక్కర్లేదు.”

నిజంగా తాగే పదిమందీ ముందు వెళ్లారు. వాళ్లకేం, మూడు దమ్ములు లాగి, ముక్కులోంచి వదిలి దాటిపోయారు. పదకొండోవాడు మోతపని చేసేవాడు, ఎద్దులాంటి మనిషి, జన్మలో పొగ మింగలేదు. మొదటి దమ్ముకే కళ్లు ఎర్రబడ్డాయి. రెండోదానికి దగ్గుతూ గుండె పట్టుకున్నాడు. “ఇంకోటి” అన్నాడు మేస్త్రీ. లాగాడు. పెరట్లోకి వెళ్లి గోడకు చెయ్యి ఆనించి కక్కుకున్నాడు. కక్కుకున్నాక ముఖం పైకెత్తి, నోరంతా తెరిచి గాలి పీల్చాడు. అది చూసి వరస కదిలింది. ఇంకొకడు, మరొకడు. చీటీల దగ్గరి ముసలమ్మ ఒకతె కూడా. ఊపిరి కోసం ఊపిరి కాల్చుకుంటున్నారు, అదీ బారులుతీరి. కుట్టుఅక్క సంచులమీద చతికిలబడి చూస్తోంది. ఇదంతా నా మూలాన జరుగుతోందే అనుకుంది. లేచి సంతకం పెట్టి వచ్చేద్దామా అని కూడా అనుకుంది.

చిన్నది వంతు వచ్చింది.

మేస్త్రీ సిగరెట్టు ఇచ్చాడు. నిప్పు అందించాడు. చిన్నది దాన్ని పెదాల మధ్య పెట్టుకుంది. పెరట్లో మోతమనిషి ఇంకా గోడ పట్టుకునే ఉన్నాడు. ముసలమ్మ నేలమీద కూర్చుని డొక్కలు ఎగరేస్తోంది. చిన్నది వాళ్లను చూసింది, తలుపు సందులోని వెలుతురును చూసింది.

“లాగు” అన్నాడు మేస్త్రీ.

ఆమె సిగరెట్టు నోట్లోంచి తీసింది. “ఇది లాగితే రేపు నా కాగితం నిజమైపోదూ?”

“లాగకపోతే పనిలోకి పో.”

చిన్నది పనిలోకి పోలేదు. సిగరెట్టు మేస్త్రీ చేతిలోనే పెట్టేసి, అతని మోచేతి కిందనుంచి వంగి, గడపమీద కూర్చుంది. తలుపు చట్రానికి వీపు ఆనించింది. కాళ్లు అడ్డంగా చాపుకుంది. ముఖం పెరటివైపు తిప్పి నిండుగా గాలి పీల్చింది.

“ఏయ్! లే అక్కణ్ణించి. తలుపు వెయ్యాలి.”

“వేసుకోండి.”

“నువ్వుండగా ఎలా వేస్తాను?”

“అది మీరే చూసుకోండి మేస్త్రీ గారూ. నేను గడప దాటలేదు. లోపలే ఉన్నాను.”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. కుట్టుఅక్క సంచుల మీదినుంచి లేచింది. అక్కడికి ఇరవై అడుగులు. మధ్యలో రెండుసార్లు ఆగి, స్తంభం పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు, ఎవరూ ఆపనూ లేదు.

“కాస్త జరగవే” అంది.

చిన్నది జరిగింది. ఇద్దరూ గడపను మూసేశారు.

మేస్త్రీ తలుపు రెక్క పట్టుకుని, అద్దాల గదివైపు చూశాడు. లోపల ఎవరో ఫోను ఎత్తారు. కాసేపటికి గేటు దగ్గర్నుంచి ఇద్దరు కాపలావాళ్లు లేచి, పెరట్లోకి దిగి, ఇటే నడవసాగారు. తొందరపడటం లేదు. ఒకడు నడుస్తూనే చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

చిన్నది అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేస్త్రీ బదులు ఎవరో పని మొదలయ్యే గంట కొట్టారు. పెరట్లో ఉన్న ఇరవైమందీ లోపలికి రావాలంటే, గడపమీది ఇద్దరినీ దాటుకునే రావాలి. వాళ్లు వేళ్లమధ్య సిగరెట్లు కాలుతుండగా నిలబడి, నడిచివస్తున్న కాపలావాళ్లను ఒకసారి, కూర్చున్న ఆడవాళ్లను ఒకసారి చూస్తున్నారు. ఇంకా ఎవరూ అడుగు వెయ్యలేదు.